బండ బరువు తూచారు, దెబ్బలు ఎవరు లెక్కపెట్టారు?

పిల్లలూ! మీలో ఎడ్ల బండలాగుడు పోటీ చూడనివారు ఎంతమంది? మంగళగిరి చుట్టుపట్ల ఊళ్ళవాళ్ళయితే బహుశా ఒక్కరు కూడా ఉండరు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా గుంటూరు, ప్రకాశం, పల్నాడు ప్రాంతాల్లో ఎక్కడ తిరునాళ్ళ జరిగినా ఈ పోటీ సందడి కనబడుతూనే ఉంటుంది. చేలల్లో పత్తి తీతలు చివరికొచ్చి ఉంటాయి. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటాయి. ఊరి బయట చదును చేసిన నేల మీద రెండు వైపులా జనం బారులు తీరి నిలబడతారు.

ఇప్పుడు మీరు కూడా ఆ జనంలో ఉన్నారనుకోండి. మైకులో పేరు పిలవగానే ఒక జత ఒంగోలు ఎడ్లు వచ్చాయి. తెల్లని ఒళ్ళు, ఎత్తైన మూపురం, ఊగే గంగడోలు. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. కాడికి గొలుసు తగిలించారు. గొలుసు చివర పెద్ద రాతిబండ. జెండా ఊపారు. ఎడ్లు ఒక్కసారి ముందుకు వంగాయి. బండ కదిలింది! జనం ఈలలు వేశారు.

పది నిమిషాలు గడిచేసరికి ఎడ్ల నడక మందగించింది. అప్పుడు పక్కనే నడుస్తున్న మనిషి చేతిలోని చెర్నాకోల లేచింది. ఛెళ్ళు... ఛెళ్ళు... మీకు ఒళ్ళు జలదరించింది. మీ పక్కన నిలబడ్డ పెద్దాయన నవ్వి, “దాని తోలు మందంరా అబ్బాయీ! దానికి దెబ్బ తెలియదు. అయినా నాలుగు తగిలిస్తేగాని కదలదు” అన్నాడు.

ఆయన రెండు మాటలు చెప్పాడు, గమనించారా? ఒకటి: ఎద్దుకు దెబ్బ తెలియదు. రెండు: కొడితేనే బలం వస్తుంది. ఈ రెండు మాటలూ నిజమేనా? పెద్దవాళ్ళు చెప్పారని నమ్మడమూ వద్దు, కాదని ఎదురు చెప్పడమూ వద్దు. పరీక్షించి చూద్దాం. సైన్సు చేసే పని అదేగదా!

అన్నీ కొలిచే పోటీ

ముందుగా ఈ పోటీలో ఎన్ని కొలతలు ఉన్నాయో చూడండి. బండను తూచి, దాని బరువు ముందే ప్రకటిస్తారు. కాలానికి గడియారం ఉంటుంది. ఇన్ని నిమిషాలని గడువు పెడతారు. ఆ గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతదే గెలుపు. దూరాన్ని టేపు పట్టి అడుగుల్లోనూ అంగుళాల్లోనూ కొలుస్తారు.

ఎడ్ల వయసునూ కొలుస్తారు. ఎలాగంటారా? పళ్ళు చూసి! పశువులకు పైదవడ ముందుభాగంలో పళ్ళు ఉండవు. గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడలో ఎనిమిది ముందుపళ్ళు ఉంటాయి. దూడకు ఉండేవి పాలపళ్ళు. సుమారు రెండేళ్ళ వయసులో మధ్యనున్న రెండు పాలపళ్ళు ఊడి, వాటి చోట పెద్ద పళ్ళు వస్తాయి. తరువాత జత జతగా మిగిలినవి మారుతూ వస్తాయి. నాలుగైదేళ్ళకు ఎనిమిదీ మారిపోతాయి. అందుకే పోటీల్లో రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని పేర్లు. పుట్టినతేదీ సర్టిఫికెట్టు లేని జీవికి పళ్ళే సర్టిఫికెట్టన్నమాట. లేత ఎడ్లను ముదురు ఎడ్లతో పోటీకి దించకుండా మన రైతులు చేసుకున్న చక్కని ఏర్పాటు ఇది.

బరువు కొలిచారు, కాలం కొలిచారు, దూరం కొలిచారు, వయసు కూడా కొలిచారు. మరి ఎద్దు వీపు మీద పడిన దెబ్బలు? వాటిని ఎవరు లెక్కపెట్టారు? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి. దీని దగ్గరికి మళ్ళీ వద్దాం.

బండ ఎందుకు మొరాయిస్తుంది?

నేల మీద ఉన్న బండను కదిలించడానికి ఎడ్లు దాన్ని పైకి ఎత్తనక్కర లేదు. నేలకూ బండకూ మధ్య ఉండే ఘర్షణను జయిస్తే చాలు. ఆగి ఉన్న బండకు స్థైతిక ఘర్షణ ఉంటుంది. కదిలాక ఉండేది జారుడు ఘర్షణ. మొదటిది రెండోదానికంటే ఎక్కువ. అందుకే తొలి కుదుపుకు ఎడ్లు అంత వంగి లాగుతాయి. బండ మధ్యలో ఆగిందంటే మళ్ళీ ఆ కష్టం మొదటికి వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. బండ బరువు 1,000 కిలోలు అనుకోండి. నేల ఘర్షణ గుణకం 0.4 అనుకోండి. అప్పుడు లాగడానికి కావలసిన బలం 1,000 × 9.8 × 0.4, అంటే 3,920 న్యూటన్లు. జతలో ఒక్కో ఎద్దు వంతు 1,960 న్యూటన్లు.

ఇది ఎక్కువా, తక్కువా? పొలంలో రోజంతా పనిచేసే ఎద్దు తన ఒంటిబరువులో సుమారు పదోవంతు బలంతో లాగుతుంది. 500 కిలోల ఎద్దయితే 50 కిలోల బలం, అంటే దాదాపు 490 న్యూటన్లు. మన లెక్కలోని పోటీ ఎద్దు దానికి నాలుగు రెట్లు లాగుతోంది! గంటల తరబడి చేయగల పని కాదిది. కొద్ది నిమిషాలు మాత్రమే చేయగలదు. పోటీకి గడువు నిమిషాల్లో పెట్టడానికి కారణం ఇదే.

ఇంకొంచెం ముందుకు పోదాం. ఆ జత 20 నిమిషాల్లో 2,000 అడుగులు, అంటే 610 మీటర్లు లాగిందనుకోండి. పని అంటే బలం ఇంటూ దూరం. 3,920 × 610 = 23,91,200 జౌళ్ళు. దాన్ని 1,200 సెకన్లతో భాగిస్తే సుమారు 1,993 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు గనుక, జత సామర్థ్యం 2.7 హార్స్‌పవర్ దాకా వచ్చింది. ఒక్కో ఎద్దుది 1.3 పైచిలుకు. అరకకు కట్టిన ఎద్దు సాధారణంగా చూపేది అర నుంచి ముప్పావు హార్స్‌పవరే!

ఒంట్లో రగిలే కొలిమి

ఈ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? కండరాల్లో దాచిన గ్లైకోజన్ అనే పిండిపదార్థం నుంచి. మామూలు నడకలో ఊపిరితిత్తులు తెచ్చే ఆక్సిజన్‌తో ఆ ఇంధనం నిదానంగా మండుతుంది. లాగుడు తీవ్రమైనప్పుడు ఆక్సిజన్ చాలదు. అప్పుడు కండరం ఆక్సిజన్ లేకుండానే గ్లైకోజన్‌ను విడగొట్టి హడావిడిగా శక్తి తీస్తుంది. ఈ దారిలో శక్తి త్వరగా వస్తుంది. కాని లాక్టిక్ ఆమ్లం పోగై, కండరం త్వరగా అలసిపోతుంది. మీరు నూరు మీటర్ల పందెం వేగంతో ఊరి చుట్టూ పరుగెత్తలేరు గదా? అదే సంగతి.

ఇంకో చిక్కు ఉంది. కండరం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగోవంతే పనిగా మారుతుంది. మిగతా మూడువంతులు వేడి అవుతుంది. మన లెక్క ప్రకారం ఒక్కో ఎద్దు చేసిన పని దాదాపు 12 లక్షల జౌళ్ళు. అంటే ఒంట్లో పుట్టిన వేడి 36 లక్షల జౌళ్ళు! ఒక కిలో శరీరాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 3,500 జౌళ్ళు కావాలి. 500 కిలోల ఎద్దుకు 17,50,000. భాగించి చూడండి. ఆ వేడి బయటికి పోకపోతే ఎద్దు ఒళ్ళు 20 నిమిషాల్లో రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. మామూలుగా 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే ఒళ్ళు 40 దాటుతుంది. అంటే జ్వరం వచ్చినప్పుడు ఉండేంత వేడి!

ఒంగోలు జాతికి ఈ వేడిని తట్టుకునే అమరిక కొంత ఉంది. వదులైన చర్మం, వేలాడే గంగడోలు, చెమట పోయించే స్వేదగ్రంథులు, ఎండను తిప్పికొట్టే తెల్లని వెంట్రుకలు. అందుకే 19వ శతాబ్దం నుంచి ఈ పశువులను సముద్రాలు దాటించి బ్రెజిల్‌కు తీసుకుపోయారు. అక్కడ వీటి సంతతిని ‘నెలోర్’ అంటారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది మరి! కాని ఎంత మంచి అమరికకైనా ఒక హద్దు ఉంటుంది. నోట నురగ, బయటికి వేలాడే నాలుక, ఎగపోత, తడబడే కాళ్ళు కనిపించాయంటే హద్దు దగ్గరపడిందని అర్థం. “ఇక చాలు” అని ఎద్దు చెప్పే మాటలు అవే.

సరిగ్గా ఈ సమయంలోనే చెర్నాకోల లేస్తుంది!

చెర్నాకోల ఏం చేస్తుంది?

చెర్నాకోల పిడి దగ్గర లావుగా, చివర సన్నగా ఉంటుంది. ఊరికే అలా చేయలేదు. చెయ్యి ఊపినప్పుడు పుట్టిన శక్తి తాడు వెంట చివరికి ప్రయాణం చేస్తుంది. పోనుపోను తాడు సన్నబడుతుంది, అంటే కదలవలసిన ద్రవ్యరాశి తగ్గుతుంది. అదే శక్తి తక్కువ ద్రవ్యరాశికి చేరితే వేగం పెరగక తప్పదు. పొడవాటి కొరడాల్లో చివరి కొస ధ్వనివేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను కూడా దాటిపోతుంది. 1958లో అమెరికా శాస్త్రజ్ఞులు అతివేగపు ఛాయాచిత్రాలు తీసి ఈ సంగతి పరిశీలించారు. గాలిలో కొరడా ‘ఛెళ్ళు’మనడానికి కారణం ఇదే. విమానం ధ్వనివేగాన్ని దాటినప్పుడు వినిపించే పేలుడుకు ఇది చిన్న తమ్ముడన్నమాట.

ముల్లుగర్ర సంగతి వేరు. అక్కడ వేగంతో పని లేదు, పీడనంతో పని. ఒక కిలో బలంతో అరచేతిని ఎద్దు వీపుకు ఆనించారనుకోండి. ఆ బలం సుమారు 100 చదరపు సెంటీమీటర్లలో పరుచుకుంటుంది. అదే బలాన్ని ఒక చదరపు మిల్లీమీటరు మొన మీద పెట్టండి. పీడనం పదివేల రెట్లు అవుతుంది! బలం ఒక్కటే. నిమరడానికీ పొడవడానికీ తేడా వైశాల్యంలో ఉంది.

తోలు మందమైతే ఈగ ఎలా తెలిసింది?

ఇక పెద్దాయన మొదటి మాటకు వద్దాం. దీన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ఆవును పది నిమిషాలు గమనించండి. దాని పక్క మీద ఒక ఈగ వాలుతుంది. వెంటనే సరిగ్గా ఆ చోట చర్మం గజగజ వణుకుతుంది. ఈగ లేచిపోతుంది. పశువులకు చర్మం కింద పలుచని కండరపు పొర ఒకటి ఉంది. చర్మాన్ని వణికించడమే దాని పని. ఈగ బరువు ఒక గ్రాములో వందోవంతు దరిదాపుల్లో ఉంటుంది. అంత చిన్న స్పర్శ, అదీ ఏ చోట వాలిందో తెలిసిన చర్మానికి చెర్నాకోల దెబ్బ తెలియదంటే నమ్మేదెలా?

2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్రం చర్మాన్నీ మనిషి చర్మాన్నీ సూక్ష్మదర్శిని కింద పోల్చి చూశారు. గుర్రం చర్మం మొత్తం మీద మందమే. కాని ఆ మందం లోపలి పొరలో ఉంది. నొప్పిని పసిగట్టే నాడీకొనలు ఉండేది పైపొరలో. అక్కడ మనిషికీ గుర్రానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరిశోధన గుర్రం మీద జరిగింది నిజమే. మన ఎద్దుకు ఈగ సాక్ష్యం ఉండనే ఉంది.

కొడితే బలం వస్తుందా?

రెండో మాట ఇంకా ఆసక్తికరం. దెబ్బ పడగానే ఎద్దు ఒక అడుగు ముందుకు ఉరకడం మనం చూస్తాం. మరి బలం వచ్చినట్టే గదా?

ఏం జరుగుతుందో చూడండి. నొప్పి, భయం కలగగానే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. ఆపదలో పారిపోవడానికి దాచుకున్న నిల్వలు బయటికి వస్తాయి. అంటే కొరడా కొత్త బలాన్ని ఇవ్వలేదు. ఉన్న నిల్వను ముందుగా ఖర్చు పెట్టించింది. అప్పు చేసి పండగ చేసుకోవడం లాంటిదిది. గ్లైకోజన్ అయిపోయిన కండరానికి, 40 డిగ్రీలకు చేరిన ఒంటికి ఎన్ని దెబ్బలు కొట్టినా ఇంధనం పుట్టదు.

గుర్రప్పందేల్లో దీన్ని లెక్కలు కట్టి చూశారు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన ఒక అధ్యయనంలో గుర్రాలు సగటున అత్యధిక వేగం అందుకున్నది గమ్యానికి 600 నుంచి 400 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు. అక్కడ ఎవరూ కొరడా వాడలేదు! దెబ్బలు ఎక్కువగా పడింది చివరి 400 మీటర్లలో. అప్పటికే గుర్రాలు అలసి వేగం తగ్గుతోంది. 2020లో మరో అధ్యయనం బ్రిటన్‌లోని 126 పందేలను పరిశీలించింది. కొన్నిట్లో కొరడా వాడవచ్చు, కొన్నిట్లో వాడరాదు. పందెం ముగిసిన కాలాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొరడా లేనందువల్ల ప్రమాదాలు పెరగనూ లేదు.

నేర్చుకోవడంలోని సూత్రం కూడా ఒకటి ఉంది. మెల్లగా తట్టి, ఎద్దు కదలగానే తట్టడం ఆపేస్తే, “కదిలితే ఇది ఆగుతుంది” అని ఎద్దు నేర్చుకుంటుంది. మంచి రైతు అరకలో చేసేది ఇదే. చాలాసార్లు అదిలింపు ఒక్కటే చాలు. కాని బలమంతా పెట్టి లాగుతున్న ఎద్దును కొడితే అది ఏం నేర్చుకోవాలి? ఏం చేసినా దెబ్బ ఆగదని తప్ప!

రెండు చేతుల్లో రెండు పగ్గాలు

“అయితే కొట్టరాదని నియమం పెడితే సరిపోతుంది గదా!” అంటారా? నియమం రాయడం సులువు. అమలుచేయడమే కష్టం. ఈ చిక్కును ఇతర దేశాలవాళ్ళు ఎలా ఎదుర్కొన్నారో చూడండి.

అమెరికా, కెనడా, స్వీడన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా మొదలైన దేశాల్లో ఒక రకం బండిపందేలు ఉన్నాయి. రెండు చక్రాల తేలికపాటి బండికి ఒక గుర్రాన్ని కడతారు. దాన్ని సల్కీ అంటారు. తోలేవాడు దాని మీద కూర్చుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు, దుడుకునడకే నడవాలి. నడక తప్పితే వెనక్కు లాగి సరిచేయాలి. చాలా చోట్ల తోలేవాడి చేతిలో పొడవాటి కొరడా ఉంటుంది.

“గుర్రాన్ని గట్టిగా కొట్టరాదు” అని ఒక నియమం ఉందనుకోండి. గట్టిగా అంటే ఎంత? తోలేవాడు మెల్లగానే కొట్టానంటాడు. చూసినవాడు గట్టిగా కొట్టాడంటాడు. తగవు తేలదు. అందుకని అమెరికా, కెనడాలలోని చాలా చోట్ల వేరే నియమం పెట్టారు: తోలేవాడు ఒక్కో చేతిలో ఒక్కో పగ్గం పట్టుకునే ఉండాలి. ఎంత తెలివైన నియమమో చూశారా? చేతిలో పగ్గం బిగువుగా ఉంటే ఆ చెయ్యి భుజం పైకి లేవదు. మణికట్టు మాత్రమే ఆడుతుంది. చెయ్యి వెనక్కి వెళ్ళే దూరం తగ్గితే కొరడా వేగమూ తగ్గుతుంది. పైగా రెండు పగ్గాలు ఒకే చేతిలోకి వచ్చాయా లేదా అన్నది దూరం నుంచి చూసినవాడు కూడా చెప్పగలడు. వాదనకు తావే లేదు.

బ్రిటన్‌లో స్వారీ పందేలకు మరో పద్ధతి: లెక్క. 2023 నుంచి అక్కడ చదును పందెంలో ఆరుసార్లు, అడ్డంకులు దూకే పందెంలో ఏడుసార్లు మించి కొరడా వాడరాదు. పందెం ఫిల్మును తరువాత తీరిగ్గా చూసి లెక్కపెడతారు. హద్దు మీద నాలుగు దెబ్బలు ఎక్కువైతే గెలిచిన గుర్రానికి కూడా గెలుపు పోతుంది. నార్వే దేశం ఈ లెక్కల బాధే లేకుండా 1982లోనే పరుగును పెంచడానికి కొరడా వాడరాదని నిషేధించింది.

గెలుపు పోవడం ఎందుకంత ముఖ్యం? బహుమానం లక్ష రూపాయలు, జరిమానా వెయ్యి రూపాయలు అనుకోండి. నియమం తప్పి గెలిచినవాడికి ఇంకా 99 వేలు మిగులుతాయి. అలాంటి జరిమానా శిక్ష కాదు, గెలుపుకు కట్టే టిక్కెట్టు!

మన చట్టం ఏమంటుంది?

మన దేశంలో జంతువులను హింసించరాదనే చట్టం 1960లో వచ్చింది. దీనికోసం రాజ్యసభలో పట్టుబట్టి కృషిచేసినవారు ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్. జంతువును కొట్టడం, శక్తికి మించి తోలడం ఈ చట్టం ప్రకారం నేరం. 1965లో బరువులాగే పశువుల కోసం విడిగా నియమాలు వచ్చాయి. రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా 5 గంటలు మించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పశువును బండికి కట్టరాదు. తోలడానికి ముల్లు ఉన్న కర్ర వాడడం నిషేధం.

ఈ చివరి నియమం గమనించండి. “గట్టిగా పొడవరాదు” అని ఊరుకోలేదు, అసలు “వాడరాదు” అన్నారు. ఎంత గట్టిగా పొడిచాడని వాదించనక్కర లేదు. మంచి నియమానికి ఇదొక ఉదాహరణ. అయితే 1960 చట్టంలో మొదటి నేరానికి రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అది శిక్షో టిక్కెట్టో ఇప్పుడు మీరే చెప్పగలరు.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిలిపివేసింది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు తమ తమ ఆటల కోసం చట్టానికి సవరణలు చేసుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. కాని నియమాలను కచ్చితంగా అమలుచేయాలనీ, ఆ బాధ్యత జిల్లా అధికారులదనీ కూడా చెప్పింది. అంటే ఆట బతకడం, నియమం బతకడం మీద ఆధారపడి ఉందన్నమాట.

మన పల్లెల్లో ఇది చిన్న సంగతి కాదు. దుక్కి ట్రాక్టరుకు పోయింది, బరువు లారీకి పోయింది. ఇంత ఖర్చుపెట్టి ఉలవలు పెట్టి ఒంగోలు ఎడ్లను మేపడానికి చాలామంది రైతులకు మిగిలిన కారణాల్లో ఈ పోటీ ఒకటి. గుంటూరు దగ్గర లాం ఫారంలోని పశు పరిశోధనాస్థానం ఈ జాతిని కాపాడే పని చేస్తోంది. ఊళ్ళో మేపే రైతు కూడా ఆ పనిలో భాగస్వామే. ఎద్దును కన్నకొడుకులా చూసుకునే ఆ రైతు, పోటీనాడు పక్కవాడు కొడుతున్నాడని తానూ కొట్టవలసి వస్తే అది ఎవరి తప్పు? లెక్కపెట్టనివాళ్ళది! అందరికీ ఒకే నియమం, అందరి ముందు అమలైతే ఎవరికీ కొట్టే అవసరం ఉండదు.

ఒక ఊహ చేద్దాం. పోటీకి ముందు తోలేవాళ్ళ చేతులు చూసి, కర్రా చెర్నాకోలా బయటే పెట్టించారు. బాటకు రెండు వైపులా ఇద్దరు లెక్కగాళ్ళను నిలబెట్టారు. ఒకరు సెల్‌ఫోనులో మొత్తం చిత్రీకరించారు. చేత్తోనో పగ్గంతోనో ఒక్క దెబ్బ కొడితే లాగిన దూరంలో 50 అడుగులు కోత. తోక మెలిపెడితే పోటీ నుంచి తొలగింపు. నోట నురగ కనబడితే పశువైద్యుడి మాటే చివరి మాట. గెలుపు అడుగుల్లో ఉన్నప్పుడు శిక్ష కూడా అడుగుల్లో ఉంటే, చెయ్యి దానంతటదే ఆగిపోదూ?

మీరు చేసి చూడండి

1. ఒక ఇటుకకు తాడు కట్టి, స్ప్రింగ్ త్రాసుతో నేల మీద లాగండి. కదలబోయే ముందు ముల్లు ఎంత చూపింది? కదిలాక ఎంత చూపింది? సిమెంటు నేల మీద, మట్టి నేల మీద, ఇసుక మీద చేసి పట్టిక రాయండి. రెండు ఘర్షణలకూ తేడా కళ్ళారా చూస్తారు.

2. ఈసారి పోటీకి వెళ్ళినప్పుడు ముగ్గురు స్నేహితులు మూడు చోట్ల నిలబడండి. ఒక జత లాగుతున్నంతసేపూ దెబ్బలు లెక్కపెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా కాగితం మీద గీతలు పెట్టండి. తరువాత పోల్చండి. ముగ్గురి లెక్కా ఒకటైందా? కాకపోతే ఎందుకు కాలేదు? తాకడాన్ని ఒకరు దెబ్బగా లెక్కించి, మరొకరు వదిలేశారా? ‘దెబ్బ అంటే ఏమిటి’ అని ముందుగా ఒక నిర్వచనం రాసుకుని, మరో జతకు మళ్ళీ లెక్కించండి. ఈసారి లెక్కలు దగ్గరపడతాయి. నియమం రాసేవాళ్ళు మొట్టమొదట చేయవలసిన పని మీరు చేశారన్నమాట!

3. మీ లెక్కను నిమిషాలవారీగా రాసుకోండి. దెబ్బలు ఎక్కువైన నిమిషాల్లో దూరం పెరిగిందా, తగ్గిందా? ఫలితాన్ని పోటీ పెద్దలకు వినయంగా చూపించండి. మీ పక్కన నిలబడ్డ ఆ పెద్దాయనకూ చూపించండి. ఆయన మొదట నవ్వుతాడేమో! కాని బండ బరువునూ కాలాన్నీ దూరాన్నీ అంగుళాల దాకా కొలిచే అలవాటున్న మనిషి ఆయన. అంకెలు ముందు పెడితే చూడకుండా ఉండడు.